మళ్ళీ రానివాళ్ళ లెక్క

రేపల్లె పాసింజరు తెనాలి వదిలి చినరావూరు దాటేదాకా డాక్టర్ స్వర్ణలతకి తను కిటికీ పక్కన కూర్చున్న సంగతే తెలియలేదు. కళ్ళు బయట పొలాల మీదే ఉన్నాయి గానీ కనిపిస్తున్నది మాత్రం ప్రిన్సిపాల్ వెంకట్రామయ్య గది. ఆ గదిలో ఏసీ రొద, బల్ల మీద పరిచిన అద్దం, అద్దం మీద వేళ్ళతో దరువేస్తూ, ఫోనులోంచి తల ఎత్తకుండానే ఆయన అన్న మాట. "ప్రశ్నలడగటం నేర్పమన్నాం గానీ మేడమ్, మమ్మల్నే అడగమని చెప్పలేదుగా." అని నవ్వాడు. ఆ నవ్వే నిన్నటి నుంచీ వెంటాడుతోంది. కోప్పడితే బాగుండేది. కోప్పడ్డవాడికి ఏదో ఒకటి జవాబు చెప్పొచ్చు. నవ్వి, టీ తెప్పించి, బిస్కెట్ల ప్లేటు ముందుకి జరిపి, మీ స్టూడెంటే కదా, మీరు చెబితే వింటుంది, రేపెటూ ఆదివారం, అలా రేపల్లె వెళ్ళి తీసుకొచ్చెయ్యండి అన్నవాడికి ఏమని చెప్పాలి? చుట్టాలింటికి వెళ్ళి పిల్లని వెంటబెట్టుకుని రమ్మన్నంత తేలిగ్గా చెప్పాడు. తీసుకొచ్చి ఏం చెయ్యాలట? సోమవారం పొద్దున పెద్ద లెక్చరు హాల్లో, బ్యాచి మొత్తం ముందు, ఆ పిల్ల నిలబడి డాక్టర్ బసవేశ్వరరావుకి క్షమాపణ చెప్పాలి. చెప్పేదాకా క్లాసుకి రాకూడదు, హాస్టల్లో ఉండకూడదు. ఇంతకీ పద్దెనిమిదేళ్ళ ఆ పిల్ల, స్నేహ, చేసిన నేరం ఏంటయ్యా అంటే, మైకు పట్టుకుని ఒక ప్రశ్న అడగటం. మెడికల్ కాలేజీలో. పరిశోధన దినం నాడు. ప్రశ్నలుంటే అడగండి అని వాళ్ళే మైకు ఇచ్చాక.

పరిశోధన దినం. ఆ పేరు తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. జరపాలని పైనుంచి ఎవరో రాశారు కాబట్టి జరిపారు. బయటి నుంచి పెద్దలు వస్తున్నారని, కుర్చీలు ఖాళీగా కనపడితే బాగుండదని, ఫస్టియర్ పిల్లల్ని డిసెక్షన్ హాలు నుంచి లేపి తోలుకొచ్చి కూర్చోబెట్టారు. శవాలకి పట్టించే ఫార్మలిన్ వాసన ఇంకా వాళ్ళ చేతుల్ని వదల్లేదు. ముందు వరసలో శాలువాలు, బొకేలు, వెనక వరసల్లో ఆకలితో ఆవులింతలు. అప్పుడు ఎముకల విభాగం పెద్ద బసవేశ్వరరావు వేదిక ఎక్కాడు. కాలేజీ చైర్మన్‌కి దగ్గర బంధువు, మంచి మాటకారి, తెల్ల కోటు మీద ముడత ఉండదు. ఆయనగారి మోకాలి సూది సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. రోగి రక్తమే కాస్త తీసి, యంత్రంలో తిప్పి, పైకి తేలిన పచ్చటి నీటిని మళ్ళీ ఆ రోగి మోకాల్లోకే ఎక్కిస్తారు. తెనాలి బస్టాండు దగ్గర నుంచి బాపట్ల దాకా రోడ్డు పక్కన బోర్డులు, ఆ బోర్డుల మీద సముద్రపు ఒడ్డున పరిగెడుతున్న ఒక ముసలాయన, ఆయన పక్కన మనిషెత్తు అంకె. నూటికి తొంభైమందికి నొప్పి మాయం. అదే అంకె ఆ రోజు తెర మీద కూడా వెలిగింది. చప్పట్లు. ప్రశ్నలుంటే అడగండి. ఎవరూ అడగరని తెలిసి అనే మాట అది, భోజనాలకి ముందు అనే మాట. అప్పుడు వెనక నుంచి రెండు జడల పిల్ల ఒకతి లేచింది.

ఆ క్షణం స్వర్ణలత గుండె ఆగినంత పనైంది, ఇప్పుడు రైల్లో తలుచుకున్నా ఆగినంత పనే అవుతోంది. భయం కాదు అది. భయమూ ఉంది, కానీ దాని కింద ఇంకొకటి ఉంది, సొంత బిడ్డ మొదటిసారి ఏ ఆసరా లేకుండా నిలబడితే చూస్తున్నప్పటిది. "సార్, సూది వేయించుకుని మళ్ళీ రానివాళ్ళని ఏ లెక్కలో వేశారు సార్?" మాట తడబడలేదు. హాలు అటు తిరిగింది. "సూది వేయించుకోకుండా ఊరికే ఉన్నవాళ్ళలో ఎంతమందికి తగ్గింది సార్?" అంతే. రెండే రెండు ప్రశ్నలు. మూడోది ఒక్క ముక్క లేదు. మర్యాద తప్పిన మాట ఒక్కటి లేదు, ప్రతి మాటకీ సార్ తగిలించింది. జవాబుంటే నిమిషంలో చెప్పి కూర్చోబెట్టొచ్చు. బసవేశ్వరరావు చెప్పలేదు. ఏ ఇయరమ్మా నువ్వు అన్నాడు. ఫస్టియర్ సార్. అయితే ముందు మోకాల్లో ఎముకలెన్నో చెప్పు, తర్వాత పరిశోధన చేద్దువు గాని. ముందు వరసలో నవ్వులు. ఆ పిల్ల పాఠం అప్పగించినట్టు చెప్పింది, ఫీమర్, టిబియా, పటెల్లా. ఇంకోటి మర్చిపోయావు అన్నాడాయన చెయ్యి ఊపుతూ. "ఫిబులా మోకాలి కీలులోకి రాదు సార్" అంది. అప్పుడు నవ్వింది వెనక వరసలు. నూటయాభైమంది పిల్లలు, ఆకలి మీదున్న పిల్లలు, ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆ నవ్వుకి పడింది శిక్ష. ప్రశ్నకి కాదు, నవ్వుకి. ఎముకల విభాగం పెద్దకి ఎముక సంగతి ఫస్టియర్ పిల్ల చెప్పినందుకు. కానీ పైకి ఆ మాట అనలేరు కదా, అందుకని పెద్దల ముందు సంస్థ పరువు తీసిందన్నారు, అనుమతి లేకుండా రోగుల వివరాలడిగిందన్నారు. అనుమతట. ప్రశ్నకి కూడా కమిటీ కూర్చుని అనుమతివ్వాలట.

రైలు జంపనిలో ఆగి కదిలింది. జామకాయల బుట్టతో ఒకామె ఎక్కి, కోసి ఉప్పూకారం వెయ్యమంటారా అని అడిగితే స్వర్ణలత వద్దని తల ఊపింది. కోత కోసిన మళ్ళలో వరి మోళ్ళ మధ్య మినుము మొలక పచ్చగా కనిపిస్తోంది, ఇంకా కొయ్యని చోట చేలు ఎండకి బంగారంలా ఒరిగి ఉన్నాయి. ఆమె కళ్ళు వాటిని చూశాయి, మనసు శనివారం మధ్యాహ్నాల మీదికి పోయింది. వారానికి ఒక్క క్లాసు. పరిశోధన, మూల్యాంకన నైపుణ్యాలు అని టైంటేబుల్లో ఎంతో ఘనంగా అచ్చేశారు, వేసిన చోటేమో శనివారం భోజనాలయ్యాక, ఎవరికీ అక్కర్లేని చోట. తోటి డాక్టర్లు జాలిపడ్డారు. ఆ పిల్లలకి ఎనాటమీ బట్టీ పట్టటానికే టైము చాలటం లేదు, మీ సొదంతా ఎందుకు మేడమ్, పవర్ పాయింట్ వేసేసి హాజరు తీసుకుని పంపెయ్యండి. మొదటి వారం పిల్లలు కూడా అలాగే చూశారు, పరీక్షలో వస్తుందా మేడమ్ అని అడిగారు. అప్పుడామె పాఠం పక్కన పెట్టి జుట్టునూనె ప్రకటన ఉన్న పేపరు ముక్క ఒకటి చూపించింది. పదిమందిలో తొమ్మిదిమంది జుట్టు రాలటం ఆగిందన్నారని ఉంది. ఆ పదిమందీ ఎవరు? ఎవరడిగారు? ఎక్కడ అడిగారు? నూనె సీసా ఊరికే ఇచ్చి అడిగారా? పదకొండో మనిషి ఎటు పోయాడు? నిద్రమొహాలు ఒక్కొక్కటీ తేరుకున్నాయి. అలా తేరుకోవటం చూడటానికే ఆమె ఆ ఉద్యోగంలో ఉంది. జీతం గొప్పదీ కాదు, హోదా గొప్పదీ కాదు.

ఆ తర్వాత వారం వాళ్ళని తెనాలి బజారులోకి పంపింది. ఒక టిఫిన్ హోటలు. సగంమంది లోపల, యజమాని గల్లాపెట్టె దగ్గర వింటూ ఉండగా, తినేవాళ్ళని చట్నీ ఎలా ఉందండి అని అడగాలి. మిగతా సగంమంది బయట, ఆటోస్టాండు దగ్గర, తిని వచ్చినవాళ్ళని అదే మాట అడగాలి. లోపల అందరికీ బ్రహ్మాండం. బయట నీళ్ళగా ఉందన్నారు, నిన్నటి పప్పు కలిపాడన్నారు, గతిలేక తిన్నామన్నారు. పిల్లలు తిరిగొచ్చి ఒకరి మీద ఒకరు పడి చెప్పుకున్నారు, అదే చట్నీ మేడమ్, అదే మనుషులు మేడమ్. అబద్ధం చెప్పారా వాళ్ళు అని అడిగింది ఆమె. లేదు మేడమ్, మొహమాటపడ్డారు అంది స్నేహ. పుస్తకంలో దానికి పెద్ద పేరుంది. ఆ పేరు ఆమె ఇంకో నెలకి గాని చెప్పలేదు, మొహమాటం అన్న మాట చాలనిపించింది. ఆ క్లాసులోనే ఎవరో ఫోటో తీశారు. చెయ్యెత్తి నిలబడ్డ స్నేహ ఫోటో. అది కాలేజీ ప్రవేశాల పుస్తకంలో నిండు పేజీకి వేశారు, మొదటి సంవత్సరం నుంచే ప్రశ్నించే తత్వం అని కింద రాసి. ఆ పుస్తకం ఇంకా రిసెప్షన్ బల్ల మీద దొంతరగా ఉంది. చెయ్యెత్తిన పిల్ల బొమ్మ వాళ్ళకి కావాలి, ఆ చెయ్యీ అక్కర్లేదు, చెయ్యి దించాక వచ్చే మాటా అక్కర్లేదు. సిగ్గు లేదు, ఎవరికీ సిగ్గు లేదు అనుకుంది స్వర్ణలత, పైకే అనేసిందేమో, ఎదుటి సీటులో పెద్దాయన పేపరు దించి చూశాడు.

వేమూరులో ఒక ముసలామె ఎక్కటానికి తంటాలు పడుతోంది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు పైకి రాక, కడ్డీ పట్టుకుని అలాగే వేలాడుతోంటే ఇద్దరు ముగ్గురు చేతులిచ్చి లాగారు. ఎక్కి కూర్చుని మోకాళ్ళు రెండు చేతులా పట్టుకుంది. స్వర్ణలతకి అమ్మ గుర్తొచ్చింది. అమ్మ గుర్తురాని ఘడియ ఏది ఈ పది రోజుల్లో? అమ్మ రిబ్కా బాపట్లలో మిషను స్కూల్లో పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి, నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకుంది. చర్చిలో ప్రార్థనకి మోకరించి లేవలేక, వెనక బెంచీవాళ్ళు లేపాల్సిన రోజు వచ్చాక, ఇక చెప్పకుండా దాచలేకపోయింది. అప్పటికి ఈ కాలేజీ ఆసుపత్రి వాళ్ళ వ్యాను బాపట్ల వచ్చి మోకాళ్ళవాళ్ళని ఎక్కించుకుపోతోంది. కూతురు పనిచేసే ఆసుపత్రే కదా అని అమ్మ తనంతట తనే ఎక్కేసింది, అదే వీధిలో టైలరింగ్ చేసే యలమందని కూడా వెంటబెట్టుకుని. సూది వేయించుకొచ్చింది. నెల తర్వాత మళ్ళీ రమ్మంటే వెళ్ళింది. మొన్న క్రిస్మస్ బట్టల పనికి బాపట్ల వెళ్ళినప్పుడు స్వర్ణలత అడిగింది, తగ్గిందామ్మా అని. అమ్మ వంటింట్లో గోడ పట్టుకుని నడుస్తూ, ఏం తగ్గుతుందమ్మా, అలాగే ఉంది అంది. మరి వాళ్ళకేం చెప్పావు? తగ్గిందన్నానే. ఎందుకన్నావు? "ఆ అబ్బాయి డాక్టరు ఎంత మర్యాదగా అడిగాడనుకున్నావు. మీ అమ్మాయి మేడమ్ గారు మాకు తెలుసండి అన్నాడు. తగ్గలేదంటే పాపం చిన్నబుచ్చుకుంటాడనిపించింది."

అప్పుడు ఆమెకి నవ్వొచ్చింది, ఆ తర్వాత బస్సులో వస్తుంటే రోడ్డు పక్కన ఆ బోర్డు కనిపించింది. ఆ తొంభైమందిలో అమ్మ ఉంది. గోడ పట్టుకుని నడిచే అమ్మ, ఆ బోర్డు మీద సముద్రపు ఒడ్డున పరిగెత్తుతోంది. మరి యలమంద? యలమంద మళ్ళీ వెళ్ళలేదు. తగ్గనిదానికి అంత దూరం ఎందుకండి, ఒకరోజు మిషను ఆపుకుంటే కుట్టుకూలి పోతుంది అన్నాడట. తగ్గినవాడు థాంక్స్ చెప్పటానికి వెళతాడు, తగ్గనివాడు ఇంట్లో కూర్చుంటాడు, వచ్చినవాళ్ళనే లెక్కబెట్టి నూటికి తొంభై అంటారు. యలమంద ఏ లెక్కలోనూ లేడు. అతని మోకాలు అతనికి తప్ప ఎవరికీ పట్టలేదు. స్నేహకి ఇవేమీ తెలియవు, స్వర్ణలత తన తల్లి సంగతి క్లాసులో ఎన్నడూ చెప్పలేదు. అయినా సరిగ్గా వేలు అక్కడే పెట్టింది ఆ పిల్ల. అమ్మ కూతురు అడగాల్సింది, ఆ హాల్లో పట్టుచీర కట్టుకుని మూడో వరసలో కూర్చున్న డాక్టరు అడగాల్సింది, వెనక వరస నుంచి రేపల్లె పిల్ల లేచి అడిగింది. ఆ డాక్టరేమో ఇప్పుడు ఆ పిల్ల నోరు మూయించటానికి రైలెక్కింది. టిక్కెట్టు కొనుక్కుని మరీ ఎక్కింది.

ఫోను మోగింది. కిషోర్. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే భర్త, పొద్దున కూడా ఇదే అన్నాడు, ఇప్పుడూ ఇదే అంటున్నాడు, నువ్వేం ఆవేశపడకు స్వర్ణా, సారీ అన్నది ఒక్క మాటేగా, ఆ పిల్ల చేత అనిపిస్తే దాని చదువు దానికుంటుంది, నీ ఉద్యోగం నీకుంటుంది. ఆమె సరేలే అని పెట్టేసింది. ఒక్క మాటేగా. లెక్కలు చెప్పే మనిషి! రెండూ రెండూ నాలుగని రాసిన పిల్లవాడిని పెద్దాయన ఐదన్నాడు కాబట్టి సారీ చెప్పమంటాడా? ఆ ఒక్క మాట ఎంత దూరం పోతుందో ఎవరికీ పట్టదు. సోమవారం ఆ హాల్లో నూటయాభైమంది చూస్తారు. ఇక వాళ్ళెవరూ అడగరు. కంపెనీవాడు కొత్త మందు తెచ్చి అంకె చూపిస్తే అడగరు, పై డాక్టరు రాయమన్న ఆపరేషను ఎందుకని అడగరు. తెలిసి ఊరుకోవటం అలవాటైపోయి, కొన్నేళ్ళకి తెలియటం కూడా మానేస్తుంది. అలా తయారైనవాళ్ళు రేపు ఈ వేమూరు ముసలామె మోకాలు పట్టుకుంటారు. క్లాసులో చెప్పింది ఏ పరీక్షలోనూ రాదు గానీ, ఆ క్షమాపణ మాత్రం జన్మంతా గుర్తుంటుంది, నిజమైన పాఠం అదే అవుతుంది. తను శనివారాలన్నీ చెప్పింది సోమవారం పది నిమిషాల్లో చెరిపేస్తారు. చెరపటానికి డస్టరు తనే పట్టుకెళ్ళాలి.

భట్టిప్రోలు వచ్చేసరికి ఆమెకొక ఆలోచన తట్టింది. తట్టగానే ఒళ్ళు తేలికైంది, జామకాయల ఆమెని పిలిచి ఒకటి కొనుక్కుని కొరికింది కూడా. క్షమాపణ చెప్పేది స్నేహ కాదు. తను. వెంకట్రామయ్యతో తను చెబుతుంది, ఆ ప్రశ్నలు నేనే రాసిచ్చానండి, ఆ పిల్ల అమాయకురాలు, నేను చెప్పమంటే లేచి చెప్పింది, ఏం చేసినా నన్ను చెయ్యండి. ఏం చేస్తారు? తిడతారు. కాలేజీ గుర్తింపు తనిఖీ అయ్యేదాకా ఉద్యోగంలోంచి తియ్యరు, డాక్టర్ల తలకాయల లెక్క తక్కువైతే వాళ్ళకే నష్టం. తర్వాత తీస్తే తీశారు. పిల్ల క్లాసులో కూర్చుంటుంది, అది ముఖ్యం. ఎంత సులువుగా ఉంది, ఇంతసేపూ తట్టనేలేదు. పల్లికోన దాటాక రైలు నెమ్మదించింది. గాలిలో ఉప్పు వాసన తెలుస్తోంది. కాలువ గట్టు మీద ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు. ఆమె మనసులో ఆ మాటలే తిప్పి తిప్పి నేర్చుకుంటోంది, నేనే రాసిచ్చానండి, నేనే రాసిచ్చానండి. రేపల్లె చివరి స్టేషను, అక్కడ రైలుకి ముందుకి దారి లేదు. అందరూ నిమ్మళంగా దిగుతున్నారు.

రొయ్యల మేత కొట్టు అనగానే ఆటో అబ్బాయి జగన్నాథరావుగారిదేనా అన్నాడు. షట్టరు సగం దించిన కొట్టు, వెనక ఇల్లు. స్నేహ తండ్రి జగన్నాథరావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ఎప్పటి నుంచి నిలబడ్డాడో. రండి మేడమ్ రండి అంటూ కుర్చీ తుడిచి వేశాడు. భార్య చంద్రకళ మజ్జిగ తెచ్చి ఇచ్చి, స్వర్ణలత ముఖంలోకి చూడలేక గ్లాసు వైపే చూస్తూ నిలబడింది. మంచం మీద కాళ్ళు చాపుకుని ఆయన తల్లి సుబ్బరత్నమ్మ. స్నేహ లోపలి నుంచి వచ్చి నమస్తే మేడమ్ అని గోడకి ఆనుకుంది. వారం రోజుల్లో చిక్కిపోయింది పిల్ల. మా వంశంలో డాక్టరయ్యేది ఇదేనండి అని మొదలుపెట్టాడు జగన్నాథరావు, మొదలుపెట్టినవాడు ఆగలేదు. చెరువుల్లో రొయ్య చచ్చిపోయిన ఏడు కూడా ఫీజు ఆపలేదని చెప్పాడు, దానికి నోరెక్కువేనండి చిన్నప్పటి నుంచీ అన్నాడు, పెద్దల ముందు తప్పు మాట్లాడింది, చెప్పిస్తానండి, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటుంది, మీరే కాస్త దగ్గరుండి గట్టెక్కించాలి అన్నాడు. కాళ్ళు పట్టుకోవటమన్న మాటకి గోడ దగ్గర పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది. ఆ తండ్రి మీద కోపం రాలేదు స్వర్ణలతకి. ఇంత మంచి మనిషిని ఇంతగా వంచినవాళ్ళ మీద వచ్చింది.

"స్నేహ క్షమాపణ చెప్పక్కర్లేదండి" అంది. రైల్లో నేర్చుకున్నదంతా అప్పగించింది. తనే రాసిచ్చానని చెబుతుందట, తన మీదే వేసుకుంటుందట, సోమవారం స్నేహ మామూలుగా క్లాసుకి వచ్చెయ్యొచ్చట. చంద్రకళ కళ్ళు తుడుచుకుని చేతులు జోడించింది. జగన్నాథరావు మీ రుణం అంటూ ఏదో అనబోయాడు. గోడ దగ్గర నుంచి స్నేహ అంది, "మీరు రాసివ్వలేదు కదా మేడమ్."

జోడించిన చేతులు చంద్రకళ మెల్లగా దించింది.

"మీరు రాసివ్వలేదు. నేనే అనుకున్నాను, నేనే అడిగాను. మీరు రాసిచ్చారని చెబితే, సార్‌కి జవాబు చెప్పాల్సిన పని కూడా ఉండదు. మేడమ్ మీద కోపంతో మేడమ్ అడిగించిందంటారు. ప్రశ్న పోతుంది." ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి, గొంతు మాత్రం ఆ రోజు హాల్లో లాగే ఉంది. "లేనిది ఉన్నట్టు చెప్పొద్దని మీరేగా మేడమ్ చెప్పారు."

స్వర్ణలత భట్టిప్రోలు నుంచి మోసుకొచ్చిన తేలికదనమంతా జారిపోయింది. నిజమే, పిల్లని కాపాడాలన్న ఆత్రంలో తను కూడా ఒక అంకె తయారు చేసింది, చూడటానికి బాగుండే అంకె. ఆ పిల్ల ప్రశ్నని ఆ పిల్ల దగ్గర నుంచి లాక్కుని జేబులో వేసుకోబోయింది. ఒకళ్ళు నోరు మూయించాలనుకున్నారు, ఇంకొకళ్ళు ఆ నోరు తనదనబోయారు, పిల్లకి మిగిలేది రెండు చోట్లా ఒకటే. ఆమె లేచి, ఒక్క నిమిషమండి అని వాకిట్లోకి వెళ్ళి, వెంకట్రామయ్యకి ఫోను చేసింది. ఏం మేడమ్, ఒప్పుకుందా అన్నట్టు హుషారుగా పలికాడాయన. ఆమె పెద్దగా మాట్లాడలేదు. స్నేహ క్షమాపణ చెప్పదండి, చెప్పాల్సిన పని లేదండి, ఆ ప్రశ్నలకి బసవేశ్వరరావుగారు రాతపూర్వకంగా జవాబివ్వాలని సోమవారం నా తరఫున కూడా అడుగుతాను, మా అమ్మ ఆ తొంభైమందిలో ఉంది, ఆవిడకి తగ్గలేదు, అది కూడా చెబుతాను అంది.  అయితే క్రమశిక్షణ కమిటీ మీ ఇద్దరి సంగతీ చూస్తుంది మేడమ్ అని ఆయన ఫోను పెట్టేశాడు.  ఆమె లోపలికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పింది, దాచకుండా. కష్టం తప్పదేమోనండి, మీకు అబద్ధపు ధైర్యం చెప్పలేను అంది.

జగన్నాథరావు ఎటో చూస్తూ, మెల్లగా అడిగాడు. "మేడమ్, మరోలా అనుకోకండి. మా అమ్మకి ఆ సూది వేయిద్దామనుకుంటే మీ ఆసుపత్రివాళ్ళు వచ్చే బుధవారం రమ్మన్నారు. అది పని చేస్తుందంటారా?"

"తెలియదండి" అంది స్వర్ణలత. "కొందరికి చెయ్యొచ్చు. ఎవరికి, ఎంతమందికి అన్నది మాత్రం అక్కడ ఎవరూ సరిగ్గా చూడలేదు. చూశారా అనే స్నేహ అడిగింది."

ఆయన భార్య వంక చూశాడు, తల్లి వంక చూశాడు, ఆఖర్న కూతురి వంక చూశాడు. ఈ వారం రోజుల్లో ఆ పిల్లని అలా తలెత్తి చూడటం అదే మొదటిసారేమో, స్నేహ గోడ వదిలి ఒక అడుగు ముందుకి వచ్చింది. "నాయనమ్మ గురించా నువ్వడిగింది" అన్నాడు. నాయనమ్మ గురించే కాదు నాన్నా, అందరి గురించీ అంది. ఆయన చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. సోమవారం నేనూ వస్తానండి అన్నాడు స్వర్ణలతతో, ఓపీలో చీటీ రాయించుకుని, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, మా వంతు వచ్చాక ఆ పెద్ద డాక్టరునే అడుగుతాను, వైద్యం చేయించుకునేవాళ్ళని ఏ హాస్టల్లోంచి పంపిస్తారో చూద్దాం అన్నాడు. "ఏమని అడగాలో సరిగ్గా చెప్పమ్మా."

స్నేహ మంచం పట్టె మీద కూర్చుంది. రెండే నాన్నా అంది. మళ్ళీ రానివాళ్ళని ఏ లెక్కలో వేశారు, సూది వేయించుకోనివాళ్ళలో ఎంతమందికి తగ్గింది. ఆయన మొదటిది చెప్పి రెండోదానికి తడబడ్డాడు, తగ్గనివాళ్ళకి ఎంతమందికి సూది వేశారు అన్నాడు. కాదు నాన్నా అని స్నేహ మళ్ళీ చెప్పింది, ఊరికే ఉన్నా తగ్గేవాళ్ళుంటారుగా, వాళ్ళ సంగతి తెలియకపోతే సూది వల్లే తగ్గిందని ఎలా అనుకుంటాం అని విడమరిచింది, జుట్టునూనె సంగతి చెప్పింది, చట్నీ సంగతి చెప్పింది. స్వర్ణలత ఒక్క మాట కల్పించుకోలేదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని, విద్యార్థిలా వింటూ కూర్చుంది. జగన్నాథరావు ఇంకోసారి చెప్పబోయి, ఇంకోసారి తడబడి, నొసలు రుద్దుకున్నాడు.

మంచం మీద నుంచి సుబ్బరత్నమ్మ కాళ్ళు కిందికి దించింది. "నువ్వు చీటీ రాయించు చాలు. మోకాలు నాది, నేనడుగుతా" అని, రెండు ప్రశ్నలూ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పి, కోడలిని తన చేనేత చీర ఇస్త్రీకి ఇమ్మంది.